పత్తి బండ్ల మీది తీగ

ఆ ఏడు పత్తి అమ్మకాలు మొదలైన దగ్గర్నుంచి మా వీధిలో వ్యాను చప్పుడు వినపడితే చాలు, నా గుండెల్లో రాయి పడేది. అన్నం వండుతున్నా, బట్టలు ఆరేస్తున్నా, చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని. మాది ఆదిలాబాద్ దగ్గరి ఇచ్చోడ. హైవే మీది నుంచి పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుకు పోయే రోడ్డు పక్కన ఇల్లు. రోడ్డుకు అవతల కరెంటు స్తంభం, ఇవతల మా పిట్టగోడ. ఆ రెండింటి మధ్య రోడ్డుకు అడ్డంగా నల్లటి సన్న తీగ ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది మా ఇంటర్నెట్టు.

నేను పుట్టి పెరిగింది సుల్తానాబాద్‌లో. అక్కడంతా వరి. వడ్లకు బరువే గానీ ఎత్తు ఉండదు. ట్రాక్టరు నిండా పోసినా ఏ తీగ జోలికీ పోదు. పత్తి అట్లా కాదు. దానికి బరువు లేదు, ఎంత తొక్కినా ఇంకింత పడుతుంది. అందుకని వ్యానుకు నాలుగు వైపులా ఎత్తుగా కట్టెలు నిలబెట్టి, వల బిగించి, మిద్దె ఎత్తున నింపుతారు. పైన ఒక మనిషి పంగకట్టె పట్టుకొని కూర్చుంటాడు. తీగ అడ్డం వచ్చినచోట పంగతో దాన్ని పైకి లేపితే బండి కింది నుంచి మెల్లగా జారుకుంటుంది. ఆ మనిషి ఫోన్లో మాట్లాడుతూనో, పత్తి మెత్తదనానికి కునుకు తీస్తూనో ఉన్నాడంటే తీగ పోయినట్టే. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ బండ్లను చూసి ఏదో ఊరేగింపు అనుకొని సంబరపడ్డదాన్ని. ఇప్పుడు వాటి హారను వింటే ముందు తీగ వైపు చూస్తున్నాను.

నేను స్వతహాగా పిరికిదాన్ని. దాచుకునేదేమీ లేదు. బస్సెక్కితే వాంతులు, లిఫ్టు ఎక్కితే దేవుడి పేర్లు. పీహెచ్‌డీకి ఏ విషయం తీసుకోవాలని అడిగినప్పుడు కూడా ఊళ్లు తిరగని విషయమైతే చాలనుకున్నాను. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే గెస్టు లెక్చరర్‌ని, ఇల్లూ సంసారమూ ఉన్నదాన్ని, సర్వే కాగితాలు పట్టుకొని ఎక్కడ తిరుగుతాను? మా గైడు మేడం ఆలోచించి ఒక దారి చూపించారు. బాగా బతికే దేశాల్లో ఇంటింటికీ తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్, అంటే ఫిక్స్‌డ్ బ్రాడ్‌బ్యాండ్, ఎక్కడ ఎంత పాకింది, ఎక్కడ ఎందుకు ఆగింది, పోల్చి రాయమన్నారు. లెక్కలన్నీ ఆయా దేశాలే బయటపెడతాయి. ఇంట్లో కూర్చొని ప్రపంచం తిరగవచ్చు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

ఇక స్టాఫ్ రూంలో నన్ను చూస్తే చాలు, వేళాకోళం. "ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు, మన కాలేజీల ఫోను పట్టుకొని చెట్టు కిందికి పోతెగాని మాట ఇనరాదు, ఈ మేడమేమో డెన్మార్కుల వైర్లు లెక్కవెడ్తది" అనేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. కానీ నిజం చెప్పాలంటే ఆ లెక్కల్లో పడ్డాక నాకు వేరే లోకం లేకుండా పోయింది. పాత టెలిఫోను రాగి తీగలు ఇంటింటికీ ఉన్న దేశాలు మొదట్లో ముందుకు దూకాయి. ఉన్న తీగ మీదనే ఇంటర్నెట్టు వచ్చింది గదా, తవ్వకం లేదు, తంటా లేదు. తీరా గాజు తీగలు, ఫైబరు, వచ్చే నాటికి ఆ దేశాల్లోనే కొన్ని నిదానించాయి. ఉన్నది నడుస్తుంటే కొత్తదానికి ఎవరు తవ్వుతారు? జర్మనీ అట్లా తాత్సారం చేస్తే స్పెయిన్ గబగబా గాజు తీగలు పరుచుకుంది. కొరియా ముందే మేలుకుంది. ఇల్లు సర్దుకోవడంలో ఒక్కో తోడికోడలు ఒక్కో తీరు అన్నట్టు ఉండేది నాకు ఆ పోలిక.

అందులో ఒక మెలిక నాకు బాగా నచ్చేది. ఈ లెక్క సాధారణంగా వందమంది జనానికి ఎన్ని తీగలు అని వేస్తారు. కానీ తీగ వచ్చేది మనిషికి కాదు, ఇంటికి. ఇంటికి ఇద్దరే ఉండే దేశంలో ప్రతి గడపకూ తీగ ఉంటే వందమందికి యాభై తేలుతుంది. ఇంటికి ఐదుగురుండే చోట ప్రతి గడపకూ తీగ ఉన్నా ఇరవయ్యే తేలుతుంది. ఇద్దరికీ లోటు లేదు, కానీ కాగితం మీద ఒకరు గొప్ప, ఒకరు బీద. దీని మీద ఒక అధ్యాయమంతా రాశాను. ఇంకో అధ్యాయంలో దేశాలను వరుసగా నిలబెట్టి, తీగలు తక్కువున్న వాటిని వెనకపడ్డవి అన్నాను.

రాయడం ఆలస్యమైంది. పిల్లలు హాస్టళ్లకు పోయేదాకా వాళ్ల చదువులు, కాలేజీ, మధ్యలో జబ్బులు. గడువు పెంచమని అడిగి అడిగి, ఇదే చివరిది అనే మాట వచ్చేదాకా లాగాను. థీసిస్ ఇచ్చేశాను. మిగిలింది వైవా, అంటే పరీక్షకుల ముందు కూర్చొని జవాబులు చెప్పుకొనే చివరి పరీక్ష. అది ఆ నెలలోనే ముగియాలి. ముగియకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, అన్నేళ్ల పనీ చెత్తబుట్టలోకి పోతుంది. పరీక్షకుల్లో ఒకామె ఫిన్లాండ్ నుంచి. ఆమెకు వీలైన రోజు ఒక్కటే దొరికింది.

సరిగ్గా అప్పుడే మా అత్తమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముకకు ఆపరేషన్ చేసి, మంచం దిగవద్దన్నారు. మా ఆయన భైంసాలో జిన్నింగు మిల్లులో పని. పత్తి రోజుల్లో అక్కడే ఉండిపోతాడు. హైదరాబాద్ వెళ్లి పరీక్షకుల ముందు కూర్చునే వీలు నాకు లేదు. గైడు మేడం అందర్నీ బతిమాలి, ఇంటి నుంచే కంప్యూటర్‌లో హాజరు కావడానికి ఒప్పించారు. ఒక షరతు పెట్టారు. ఇంతకుముందు ఎవరో ఫోను నెట్టు మీద కూర్చొని నాలుగుసార్లు మాయమయ్యారట. అందుకని ఫిక్స్‌డ్ లైను ఉంటేనే సరే, ఫోను మీద కుదరదు అన్నారు. తీగల మీద థీసిస్ రాసినదాన్ని తీగే ఉరితాడై పట్టుకుందని ఆ రోజే అనుకున్నాను.

మా అత్తమ్మ మంచానికి ఎదురుగా గోడ మీద ఉంటుంది ఇంటర్నెట్టు డబ్బా. పచ్చలైటు ఉంటే నడుస్తున్నట్టు, ఎర్రలైటు పడితే పోయినట్టు. పడుకొని ఆమెకు వేరే పని లేదు. నా భయం చూసి కాపలా తనే పెట్టుకుంది. నేను వంటింట్లో ఉంటే గంటకోసారి కేక వేసేది. "పిల్లా, పచ్చగనే ఉన్నది!" ఆ కేక వింటే పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టు ఉండేది.

వైవాకు ముందురోజు, ఆమెను కాసేపు చూడమని పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లి, కాలేజీలో క్లాసు మధ్యలో ఉండగా ఆమె ఫోను చేసింది.

"పిల్లా, ఎర్రలైటు వడ్డది. వ్యాను గుంజుకపోయిందట. పక్కింటోళ్లు జూసి చెప్పిండ్రు."

బోర్డు మీద రాస్తున్న సుద్దముక్క చేతిలోనే విరిగిపోయింది. పిల్లలను కూర్చోమని చెప్పి వరండాలోకి వచ్చి కేబుల్ అతనికి ఫోను చేశాను. ఊళ్లో అందరి తీగలూ అతనివే. చిన్నవాడు, ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. ఎప్పుడూ నన్ను అక్కా అనే పిలుస్తాడు.

"తమ్మీ, మా తీగ తెగిందట. రేపు నాకు పరీక్ష ఉన్నది. ఎట్ల జేద్దాం?"

"ఎర్కయిందక్కా, ఇప్పుడే మాట్లాడిన" అన్నాడు.

మధ్యాహ్నం దాటాక ఉండబట్టలేక మళ్లీ చేశాను. చుట్టూ బండ్ల చప్పుడు, అతను గట్టిగా అరిచాడు. "మీ లైను ఫిక్స్ అయిందక్కా! ఫికర్ చెయ్యకుండ్రి!"

దేవుడా అనుకున్నాను. అంతలోనే గైడు మేడం ఫోను వచ్చింది.

"ఇంటి దగ్గర లైను ఎట్లా ఉందమ్మా? నమ్మకం లేకపోతే ఇప్పుడే చెప్పు. ఆదిలాబాద్‌లో ఒక కాలేజీ వాళ్లు తెలుసు, రేపటికి గది ఇప్పిస్తాను."

"ఫిక్స్ అయింది మేడం. ఇంటి నుంచే కూర్చుంటాను" అన్నాను.

తర్వాత మా ఆయన చేశాడు. "రేపు నేను సెలవు వెట్టి ఒస్త, అవ్వ కాడ నేనుంట, నువ్వు ఆదిలాబాద్ వో" అన్నాడు. "ఏమొద్దు, లైను ఫిక్స్ అయింది, పని చెడగొట్టుకోకు" అన్నాను. ఉన్న రెండు తలుపులూ నా చేతులతో నేనే మూసి, ఇంటికి వచ్చాను.

డబ్బా మీద ఎర్రలైటు ఉంది. మా అత్తమ్మ దాన్నే చూస్తోంది. "పొద్దటి సంది మారలే బిడ్డా" అంది. రోడ్డు మీదికి వెళ్లి చూశాను. మా పిట్టగోడకు మూర తీగ వేలాడుతోంది. స్తంభానికి ఇంకో ముక్క. మధ్యలో ఆకాశం. అక్కడే నిలబడి కేబుల్ అతనికి ఫోను చేశాను.

"ఫిక్స్ అయిందంటివి గద తమ్మీ!"

"ఔనక్కా, ఫిక్స్ అయింది. రేపు పొద్దుగాల ఫస్టు మీ పనే. ఆదిలాబాద్ నుంచి మనిషిని మాట్లాడిన, అతుకు వేసే మిషిను గాయన తాననే ఉంటది."

"నేను బాగయిందనుకున్న!"

"బాగయితే బాగయిందనే చెప్తం గదక్కా" అన్నాడు, నా తెలివికి ఆశ్చర్యపోతూ.

లోపలికి వచ్చి మా అత్తమ్మకు చెబితే ఆమె నాకంటే అతన్నే వెనకేసుకొచ్చింది. "సంబంధం ఫిక్సయిందంటె పెండ్లయినట్టా పిల్లా? మాట అనుకున్నట్టు. గంత సదువుకున్నవు, గిది తెల్వదా?" అంది. తెలియకేం? మా చిన్నమ్మ కూతురికి సంబంధం ఫిక్స్ అయిందని చెప్పినప్పుడు అక్షింతలు పట్టుకొని పరుగెత్తలేదు కదా. ఈ ఒక్క మాట చుట్టూ వందల పేజీలు రాశాను. ఏ దేశం దేన్ని ఫిక్స్‌డ్ అంటుంది, దేన్ని అనదు అని కోడిగుడ్డుకు ఈకలు పీకినట్టు పీకి, అడుగున చిన్న అక్షరాల్లో వివరాలు రాశాను. మా ఊరి అర్థం ఒక్కటి మరిచిపోయాను. నవ్వు రాలేదు. గైడు మేడానికి చేద్దామని ఫోను తీసి, పెట్టేశాను. మీరు ఇప్పిస్తామన్న గది వద్దన్నానని, ఇప్పుడు మళ్లీ కావాలని ఏ ముఖంతో అడగను? అడిగినా, మంచంలో ఉన్న మనిషిని రోజంతా ఎవరికి అప్పగించి పోను? మా ఆయన సెలవు అడిగే వేళ కూడా దాటిపోయింది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే అదే.

పొద్దున్నే వస్తానన్న మనిషి పొద్దెక్కినా రాలేదు. వైవా పదకొండింటికి. నేను చీర కట్టుకొని గేటు దగ్గర నిలబడ్డాను. తొమ్మిది దాటాక ఇద్దరూ నిచ్చెన వేసుకొని వచ్చారు. తెచ్చిన తీగ చుట్టలో మిగిలింది కొంచెమే. దాన్నే లాగి బిగించారు, స్తంభం మీద పైదాకా అందలేదు. ముందటి కంటే బాగా కిందికి వేలాడింది.

"తమ్మీ, ఇంత కిందికుంటె ఎట్ల? బండ్లు పోతయి గద."

"ఇయ్యాల్టికి గిట్ల నడ్వనియ్యుండ్రక్కా. సామాను రాంగనె మీదికి గడ్తం. పంగకట్టెలోళ్లు లేపుకుంట వోతరు" అని అతను ఇంకో వీధికి వెళ్లిపోయాడు. అక్కడా ఎవరిదో పోయిందట.

"పచ్చగయింది!" అని మా అత్తమ్మ లోపలి నుంచి అరిచింది. ఆమె మంచం పక్కన నీళ్లు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, పక్కగదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కిటికీ లోంచి రోడ్డు వైపు చెవి పడేసే ఉంచాను.

తెర మీద ముగ్గురు. గైడు మేడం చేతిలో టీ కప్పుతో, పరీక్ష నడిపే ఛైర్మన్ గారు గంభీరంగా, మూడో గడిలో ఫిన్లాండ్ నుంచి తెల్లజుట్టు ఆవిడ. ఆమె వెనక చెక్క గోడ. కిటికీ బయట ఇంకా చీకటిగానే ఉంది, అక్కడ అప్పుడే తెల్లవారుతోంది కాబోలు. ఛైర్మన్ గారు మొదలుపెట్టమన్నారు. నమస్కారం చేసి, నా విషయం ఇదీ అని రెండు మాటలు చెప్పానో లేదో, రోడ్డు మీద వ్యాను హారను మోగింది. నోరు ఏదో చెబుతోంది, ప్రాణమంతా చెవుల్లో ఉంది. ఇంజను మెల్లగా అయింది, ఆగింది, పైనెవరో ఏదో అరిచారు, మళ్లీ కదిలింది. తెర వైపు చూశాను. ముగ్గురూ శ్రద్ధగా నావైపే చూస్తున్నారు. పోలేదు! తీగ ఎత్తి పట్టుకొని దాటించారన్నమాట. నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత నేను మాట్లాడినట్టు జన్మలో మాట్లాడలేదు. వందమందికా, గడపకా అన్న మెలికను ఉదాహరణలతో విప్పాను. రాగి తీగల కథ చెప్పాను. జర్మనీ, స్పెయిన్, కొరియా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. బల్ల మీద ఫోను గుర్రుగుర్రుమని కదిలింది. పరీక్ష జరుగుతుండగా ఫోను ముట్టుకోరాదని నియమం, బోర్లా తిప్పి పెట్టాను. గోడ అవతల మా అత్తమ్మ ఏదో కేక వేసింది. నీళ్లు గ్లాసు అందడం లేదేమో, ఒక్క క్షణం ఓర్చుకో అత్తమ్మా అని మనసులోనే దండం పెట్టి చెప్పుకుపోయాను. ముగ్గురి కళ్లూ నా మీది నుంచి కదలడం లేదు. ఇంత కుదురుగా నా మాట విన్న వాళ్లు ఎప్పుడూ లేరు. చివరికి "మీ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను" అని ఆగాను.

ఎవరూ మాట్లాడలేదు. ఎదురుచూశాను. ఛైర్మన్ గారి రెప్ప పడలేదు. మేడం చేతిలో కప్పు పెదాల దాకా వచ్చి అక్కడే ఉంది. ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో ఆ కప్పు.

లేచి తలుపు తోశాను. మా అత్తమ్మ మోచేతి మీద సగం లేచి ఉంది, ముఖమంతా చెమట. "ఎర్రగయింది, ఎర్రగయింది అని మొత్తుకుంటున్న గద బిడ్డా! ఇనవడలేదా?" అంది. గొంతు బొంగురుపోయింది. నేను మొదట్లో విన్న ఆ హారను బండే తీగను తెంపుకుపోయింది. అంతసేపూ నేను మూడు బొమ్మలకు పాఠం చెప్పాను.

ఫోను మళ్లీ కదిలింది. గైడు మేడం.

"ఎక్కడికి పోయావమ్మా! నమస్కారం పెట్టావు, నోరు తెరిచావు, అంతే, అట్లాగే నిలిచిపోయావు. ఎన్నిసార్లు చేశాను? ఛైర్మన్ గారు వాయిదా వేద్దామంటున్నారు."

వాయిదా అంటే ఏమిటో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకో రోజు లేదు. గోడకు ఆనుకొని కింద కూర్చుండిపోయాను. ఏడుపు కూడా రాలేదు.

"ఒక్క నిమిషం ఉండు, ఆవిడేదో అంటున్నారు" అన్నారు మేడం. ఫోను కంప్యూటర్ దగ్గర పెట్టినట్టున్నారు, ఆ ఫిన్లాండ్ ఆవిడ ఇంగ్లిషు మాటలు సన్నగా వినపడ్డాయి.

"ఆమెను ఫోనులోనే మాట్లాడనివ్వండి. అభ్యంతరం ఎందుకు? నేనూ ఫోను నెట్టు మీదే ఉన్నాను. మా ఇంటికి తీగ లేదు. అవసరం లేదని తీయించేశాం."

ఛైర్మన్ గారు నియమాల గురించి ఏదో అన్నారు. పరీక్షించే మనిషికి లేని షరతు పరీక్ష రాసే మనిషికి ఎట్లా పెడతారని ఆమె నెమ్మదిగా అడిగింది. కాసేపు గుసగుసలు వినపడ్డాయి. తర్వాత మేడం గొంతు. "మాట్లాడమ్మా. కట్ కాకుండా చూసుకో, నీకు దండం పెడతాను."

మా ఇంట్లో ఫోనుకు సిగ్నల్ మధ్యలో తెగకుండా నిలబడేది ఒక్కచోటే. మిద్దె మీద నీళ్ల ట్యాంకు మూలకు. చెప్పులు కూడా లేకుండా మెట్లెక్కాను. ట్యాంకును ఆనుకొని నిలబడి, ఫోను చెవికి అదిమి, ఉన్నానండీ అన్నాను.

"మీ పోలికలో మా దేశాన్ని వెనకపడ్డవాటిలో పెట్టారు" అంది ఆవిడ. "తీగలు తక్కువ అని. మా ఊళ్లో చాలా ఇళ్లు నా ఇంటి లాంటివే. నేను వెనకపడ్డానంటారా?"

అవునంటే పరీక్షకురాలిని తప్పుపట్టినట్టు. కాదంటే నా అధ్యాయాన్ని నేనే కాల్చుకున్నట్టు. కింద రోడ్డు మీద ఇంకో పత్తి వ్యాను ఆగి ఉంది. పైనున్న మనిషి దిగి, రోడ్డు మీద పడి ఉన్న మా తీగను టైర్ల కింద నలగకుండా చుట్ట చుట్టి మా గేటుకు తగిలిస్తున్నాడు. పక్క తాలూకా మరాఠీ మనిషిలా ఉన్నాడు. తలెత్తి నన్ను చూసి, తను తెంపకపోయినా, "మాఫ్ కరా తాయీ, తప్పయింది అక్కా, మా వాళ్లే తెంపిన్రు" అని చెయ్యెత్తాడు. అతన్ని చూస్తుంటే నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"లేదండీ, నేను తప్పు రాశాను. మీరు తీగను వదిలేశారు. మమ్మల్ని తీగ వదిలేసింది. నా పట్టికలో మీ ఇంటికీ మా ఇంటికీ ఒకే సున్నా పడుతుంది. మీకు రేపు కావాలంటే రేపే వస్తుంది, అందుకని మీకు భయం లేదు. నేను నిన్నటి నుంచి భయంతో చస్తున్నాను. ఇప్పుడు కూడా ఒక మూలకు నిలబడి మాట్లాడుతున్నాను, అడుగు పక్కకు వేస్తే మీరు వినపడరు. తీగ ఉందా లేదా అని లెక్కపెట్టాను గానీ, ఉన్నది రేపు ఉంటుందో లేదో అని ఎంతమంది భయపడుతున్నారో నేను లెక్కపెట్టలేదు. ఏ దేశమూ లెక్కపెట్టలేదు. వెనకపడడం అంటే ఆ భయమే అని నాకు ఇప్పుడు అనిపిస్తోంది."

అవతల చడీచప్పుడు లేదు.

హలో అన్నాను. ఏమీ లేదు. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి సిగ్నల్ ఉందో లేదో చూద్దామంటే, తీస్తే ఉన్నది కూడా పోతుందేమోనని తీయలేదు. మళ్లీ ఎవరూ లేని చోట మాట్లాడానా? ఆ ఒక్క జవాబు కూడా గాలిలో కలిసిందా? మా అత్తమ్మ కింది నుంచి ఏదో అడుగుతోంది, జవాబు చెప్పడానికి భయం. హలో, హలో, ఉన్నారా అండీ, అన్నాను.

"ఉన్నాను" అంది ఆవిడ. "రాసుకుంటున్నాను."

తర్వాత ఛైర్మన్ గారు ఏవేవో చదివారు. ఆ అధ్యాయం తిరగరాసి ఇవ్వాలని, దానికి లోబడి డిగ్రీకి సిఫారసు చేస్తున్నామని చెప్పి, నా పేరుకు ముందు డాక్టర్ అని చేర్చి పిలిచారు. గైడు మేడం ఏడుస్తున్నట్టు వినపడింది. అందరికీ దండాలు చెప్పాను. అవతల ఫోను పెట్టేశారు. ఎండ నెత్తి మీదికి వచ్చింది, కాళ్ల కింద మిద్దె కాలుతోంది. నేను ట్యాంకును ఆనుకొని, ఫోను చెవికి అట్లాగే అదిమి పట్టుకొని, అడుగు కదపకుండా చాలాసేపు నిలబడ్డాను.